చిలికా ఒడ్డున పెద్దసారూ, మా చిన్నాన్నా

కుర్రతనంలో నిరాశ పడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇప్పుడు మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నా పడనంత నిరాశ అప్పట్లో ఒక్క పూటలో పడేవాణ్ణి. జంషెడ్‌పూర్‌లో ఓ చిన్న హిందీ దినపత్రికలో ప్రూఫులు దిద్దే పని నాది. నాకేమో విలేఖరిని కావాలని. అది మా సంపాదకుడు తలుచుకుంటే అయ్యే పని. ఆయన్ని ఆఫీసంతా పెద్దసారు అనేవాళ్ళం. పెద్దసారు తలుచుకునేది మాత్రం పక్షుల్ని. రాబోయే వేసవికి రిటైరవుతున్నారు, ఫ్లెమింగోల్ని (మనం రాజహంసలంటామే, ఆ పొడుగుకాళ్ళ పక్షుల్ని) ఒక్కసారైనా చూడలేదన్న దిగులు ఆయనది. మావాళ్ళు రైల్వే కాబట్టి దారి తెలుస్తుందని ఆ చలికాలం చిలికా సరస్సుకి నన్ను తోడు రమ్మన్నారు. "అక్కడ వేటాడటం నిషేధం, అరవడం కూడా నిషేధమే అనుకో. మట్టిరంగు బట్టలు వేసుకో. తిరిగొచ్చాక నీ సంగతి ఆలోచిద్దాం" అన్నారు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్ల వెనక వంగి వంగి, చప్పుడు కాకుండా నడవడం సాధన చేశాను. మా అమ్మ చూసి "ఏటిరా ఆ నడక? నడుం పట్టేసిందేటి? రా, ఆముదం రాత్తాను" అంది.

టాటానగర్ (జంషెడ్‌పూర్ స్టేషన్ పేరదే) తెలుగువాళ్ళలో ఓ ఆచారం ఉంది. మనవాళ్ళు రైల్లో వెళ్తుంటే, దారిలో ఉన్న చుట్టాలు అన్నం కేరియర్ పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి రావాలి. కబురు చెప్పకుండా దాటిపోతే ఆ తగువు పెళ్ళిళ్ళలో కూడా తేలదు. అందుకని మా అమ్మ నాకు తెలియకుండా కబురు పెట్టేసింది. తెల్లారి మా రైలు ఖుర్దారోడ్‌లో ఆగేసరికి మా చిన్నాన్న (అక్కడే గూడ్సు బండి గార్డు), పిన్ని కిటికీ దగ్గర ప్రత్యక్షం. కేరియర్ ఇచ్చి వెళ్ళిపోవాల్సినవాళ్ళు పెట్టెలోకి ఎక్కి కూర్చున్నారు. పిన్ని పెద్దమనిషితో ప్రయాణమని చిలకపచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది.

"లీవెట్టేసేన్రా" అన్నాడు చిన్నాన్న. "మీ సారు మా ఊరు మీంచెల్తా ఒంటిగా తిరగడమేటి? మేం సచ్చిపోయేమేటి?"

పెద్దసారు నా వైపు చూశారు. నేను కేరియర్ వైపు చూశాను.

"తినండి బాబూ" అని పిన్ని ఆయన చేతిలో గారెలు పెట్టింది. "ఒట్టి పిట్టల్ని సూత్తే కడుపు నిండుతాదా?" తెలుగు రాని ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చేతిలోనే ఇంకో రెండు పెట్టింది.

బాలుగాఁవ్‌లో దిగి, చిలికా ఒడ్డు వెంట బురదలో చాలాసేపు నడిచాం. ముందు పెద్దసారు, వెనక నేను, ఆ వెనక నా భవిష్యత్తుని నాశనం చేస్తూ పిన్ని గొంతు. "ఏటయ్యా, ఈ కొంగలు కూరకి పనికొత్తాయా?"

"తప్పే! ఇవి గవర్నమెంటు పిట్టలే. ముట్టుకుంటే జైలే" అన్నాడు చిన్నాన్న.

చివరికి కనిపించాయి. దూరంగా, లోతులేని నీళ్ళలో, తలలు ముంచుకుని, ఉతికి ఉతికి వెలిసిపోయిన బట్టల్లా ఫ్లెమింగోల గుంపు. పెద్దసారు బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని బైనాక్యులర్స్ ఎత్తారు. "హిల్నా మత్" అన్నారు, కదలొద్దని. నాకు మొదటిసారి ఉద్యోగం మీద ఆశ పుట్టింది.

చిన్నాన్నకి మాత్రం జాలి పుట్టింది. "ఏట్రా ఇది? ఇంత దూరం వచ్చేరు పాపం, అవి సూత్తే సిగ్నల్ పడని బండిలాగ నిలబడిపోయేయి. కూసింత కదపనా?"

"వద్దు చిన్నాన్నా, నీకు దండం పెడతాను!"

"నువ్వూరుకో. వచ్చిన సుట్టానికి ఏటీ సూపించకుండా పంపేత్తామేటి?" అని జేబులోంచి డ్యూటీ విజిల్ తీసి, బండి మొత్తానికి వినపడేట్టు ఊదాడు.

నీళ్ళన్నీ ఒక్కసారి లేచినట్టు చప్పుడైంది. "ఓలమ్మో, ఎంత బాగున్నాయో!" అని పిన్ని కేక. నేను తల ఎత్తలేదు. పెద్దసారు ముఖమే చూస్తూ ఉండిపోయాను. తెరుచుకున్న ఆ నోటిలో నా బర్తరఫ్ స్పష్టంగా కనిపించింది. తేరుకుని పైకి చూసేసరికి ఆకాశం ఖాళీ. సాయంత్రం దాకా ఒక్కటీ తిరిగి రాలేదు. తిరుగు ప్రయాణంలో ఖరగ్‌పూర్ దాకా ఆయన కిటికీలోంచి ఆకాశమే చూస్తూ కూర్చున్నారు. మిగిలిన గారెలు నేనే తిన్నాను (నిరాశలో మనిషికి ఆకలెక్కువ).

తర్వాత ఆదివారం పేజీకి ఆయన రాసిన వ్యాసం ప్రూఫు నా బల్ల మీదికే వచ్చింది. నిలబడినప్పుడు తెల్లగా కనిపించే ఆ పక్షులు రెక్క విప్పితే కుంకుమ పోసినట్టుంటుందట. ఎగిరితేనే గానీ ఆ ఎరుపు పూర్తిగా కనపడదట. సమయానికి విజిల్ ఊదిన ఒక స్థానిక పక్షి నిపుణుడి చలవ వల్ల తన జన్మ ధన్యమైందట! నా ప్రస్తావన ఎక్కడా లేదు. ఎంత వెతికినా ఒక్క అచ్చుతప్పు కూడా దొరకలేదు. పెద్దసారు రిటైరైపోయారు. నా సంగతి ఆలోచించడం మరిచిపోయినట్టున్నారు.

విలేఖరినయ్యాను, చాలా ఏళ్ళకి, మరో సంపాదకుడి కింద. ఆ తర్వాత చిలికా వెళ్ళే తీరికే చిక్కలేదు. ఆ బురదలో నిలబడ్డ నలుగురిలో ఆ ఎరుపు చూడనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు ఆ కుర్రాడి గడ్డం పట్టుకుని, "సారు ముఖం ఎక్కడికీ పోదురా, పైకి చూడు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడులెండి. నాకు తెలుసు వాడి సంగతి.