కొసరుగా వచ్చిన రోటర్

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. రాయచోటిలో మాది చిల్లర అంగడి. దయ్యమనేది నిజంగా ఉండుంటే మా నాయన దానికి కూడా అరశేరు కందిపప్పు అంటగట్టి పంపేవాడు. తూకానికి రానిదాన్ని నమ్మే అలవాటు మా ఇంటా వంటా లేదు.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ కాగితం మీద పెట్టలేదు. నేను బేరగాణ్ణని, బేరం కోసం నోటికొచ్చింది చెబుతానని నన్నెరిగినవాళ్లందరికీ తెలుసు. కానీ ఆ రోజు నేను బేరమాడలేదు. జరిగిందల్లా దాని వల్లే జరిగిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

మస్తాన్ మామ నాకు బంధువు కాదు. మా ఊరి మెకానిక్, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఊళ్లో మామా అని పిలిచేవాణ్ణి కాబట్టి, ఇద్దరం పనికి పోయిన కువైట్‌లోనూ మామే. ఆయనకు మాత్రం నేను శెట్టిని. నా అసలు పేరు ఆయనకు గుర్తుందో లేదో కూడా నాకు అనుమానమే. అక్కడ షువైఖ్‌లో మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, బూ సాలెంకు ఒక గరాజ్ ఉండేది. మామ బండ్లు బాగుచేసేవాడు. నేను సామాన్లు కొనుక్కొచ్చేవాణ్ణి. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులో నన్ను హెల్పర్ అని రాశారు గానీ నా అసలు ఉద్యోగం గీచిగీచి బేరమాడడం.

బూ సాలెం కుర్రతనంలో అమెరికా వాళ్ల రెండు తలుపుల కారు ఒకటి నడిపాడట. పెళ్లి కుదిరాక పెద్దవాళ్లు అమ్మించేశారు. నలభై ఏళ్లు దాటాక ఆయనకు మళ్లీ ఆ బుద్ధి పుట్టింది. అదే మోడల్, అరవై తొమ్మిదిది, తుప్పుపట్టిన ఒట్టి బాడీని ఎక్కడినుంచో లారీ మీద తెచ్చి గరాజ్‌లో దింపాడు. కంపెనీ పేరు చెప్పను. నేను ఊరికే ఎవరికీ ప్రచారం చేసి పెట్టే రకం కాదు.

రెండేళ్లు పట్టింది. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, నాలుగు నోళ్ల కార్బురేటర్, రెండు సైలెన్సర్లు, వెనక వెడల్పు టైర్లు. ఆ దేశపు ఎండకు పాత రేడియేటర్ చాలదని మామ లారీ రేడియేటర్‌ను కోసి అతికించాడు. బూ సాలెం ఏసీ పెట్టమన్నాడు. పెడితే బండికి ఊపిరి తగ్గుతుందని మామ నెలరోజులు అలిగాడు. చివరికి పెట్టాడు, కానీ ఏసీ వేసినప్పుడల్లా మొహం అటు తిప్పుకునేవాడు.

ఇంజిన్ నేను తెచ్చిందే. పాత బండ్లను విప్పి అమ్మే సక్రాబ్‌లో ఒక ఇరాన్ ముసలాయన దగ్గర పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం జుహర్ నమాజు దాకా బేరమాడాను. మూడుసార్లు లేచి వచ్చేశాను, మూడుసార్లూ ఆయనే పిలిచాడు. ధర తెగాక కూడా నేను కదల్లేదు. కొసరు అడిగాను. మా అంగట్లో ఏది కొన్నా కొసరు ఉంటుంది, శేరు బెల్లానికి చిన్న ముక్కయినా పైన పెట్టాలి. ఇరాన్ ఆయనకు కొసరంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది. ఆ ఇంజిన్‌కు రోటర్ లేదు. ఆయన సొరుగులోంచి ఒక కొత్త రోటర్ తీసి నా మీదికి విసిరి, "ఖలాస్, యల్లా", అయిపోయింది ఇక పో, అని షట్టర్ దించేశాడు.

నాతో వచ్చిన మామ సిగ్గుతో ఒక పాత బండి చాటుకు పోయి నిలబడ్డాడు. "వాన్ని ఏడిపించినావు గదరా శెట్టీ. ఆ ముసిలోడు ఇంటికి పోయి అన్నం గూడా తినడు" అన్నాడు.

రోటర్ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ అని ముంతలాంటిది ఒకటి ఉంటుంది. దాని మూత కింద బొటనవేలంత రోటర్ తిరుగుతూ ఒక్కో సిలిండర్‌కూ నిప్పు పంచుతుంది. అది లేకపోతే అన్నం వండి ఉన్నా వడ్డించే గరిటె లేనట్టే. తాళం తిప్పితే స్టార్టర్ గిర్రున తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇది నా మాట కాదు, ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు.

మామకొక అలవాటుండేది. స్టార్ట్ చేసే ముందు వెండి ఉంగరమున్న వేలితో డ్యాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టి, "పోదామా బంగారూ" అనేవాడు. ఇనుముతో మాటలేందని నేను నవ్వితే, "నువ్వు పొద్దున్నే త్రాసుకు దండం పెట్టవా ఏంది?" అనేవాడు. పెడతాను కాబట్టి నోరు మూసుకునేవాణ్ణి.

తొంభైలో, ఆగస్టు రెండున, ఇరాక్ సైన్యం వచ్చేనాటికి బండికి పెయింటింగ్ ఒక్కటే మిగిలింది. బూ సాలెం కుటుంబంతో సెలవులకు వేరే దేశంలో ఉన్నాడు. గరాజ్‌లో మేమిద్దరం, బూడిదరంగు ప్రైమర్‌తో బొల్లి వచ్చినట్టున్న ఆ బండి.

రెండో రోజే మామ డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి రోటర్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది లేకుంటే ఇది బండి గాదు, ఇనుము. నీ కాడ పెట్టుకో. నీ చేతిలో పడింది ఊరికే బయటికి రాదని ఊరందరికీ తెలుసు" అన్నాడు.

సైనికులు మూడుసార్లు వచ్చారు. అరల్లోని సామానంతా ఊడ్చుకుపోయారు, ఫోను పీక్కుపోయారు, బాగుచేయడానికి వచ్చిన రెండు బండ్లు తోలుకుపోయారు. దీన్ని కూడా తిప్పి చూశారు. అందుకోలేదు. ఒకడు విసుగుతో టైరును తన్నాడు. మామ తన కాలు పట్టుకున్నాడు, తన్ను తనకే తగిలినట్టు.

మామ బండికి కాపలాగా గరాజ్‌లోనే పడుకోవడం మొదలుపెట్టాడు. నేను ఫర్వానియాలో మా గదిలో ఉండి, రెండు రోజులకొకసారి నడిచి వెళ్లి తిండి ఇచ్చి వచ్చేవాణ్ణి. రోటర్ మొదట్లో నా నడుముకే కట్టుకున్నాను. తర్వాత చెక్ పోస్టుల్లో మనుషుల్ని తడిమి చూడడం మొదలైంది. ఈ ముక్క దొరికితే దీని బండి ఎక్కడా అని అడుగుతారు. అందుకని దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మూడు ముళ్లు వేసి, గదిలో బియ్యం డబ్బా అడుగున దాచాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

సెప్టెంబర్ మొదట్లో ఒక రోజు రొట్టెలు, పప్పు మూట కట్టుకుని వెళ్లేసరికి పదకొండు దాటింది. మామ బండి చక్రానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది. ఎడమచెయ్యి లేవడం లేదు. "ఛాతీ మీద ఎవరో ఇంజిన్ దించినారు శెట్టీ" అన్నాడు. అంతకుమించి మాట రాలేదు.

రోడ్డు మీదికి పరిగెత్తాను. అరగంటలో ఒక్క బండి కనబడింది, అది ఆగలేదు. చుట్టుపక్కల గరాజ్‌లన్నీ మూసి ఉన్నాయి. ఫర్వానియాలోని ఆస్పత్రి ఏడెనిమిది కిలోమీటర్లు. మామ నాకంటే బరువు. ఎత్తుకుని వంద గజాలు కూడా పోలేను.

నేల కాలుతోందని ఆయన్ను లేపి బండి ముందుసీట్లో కూర్చోబెట్టాను. అంతే నా ఉద్దేశం. తాళంచెవి ఆయన మెడలో దారానికి ఉంది. దాన్ని తీసి ఎందుకు తిప్పానో చెప్పలేను. రోటర్ బియ్యం డబ్బాలో ఉందని నాకు బాగా తెలుసు. మూడుసార్లు తిప్పాను. స్టార్టర్ తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. అందుకోదు కదా.

మామ కళ్లు మూతలు పడుతున్నాయి. నేను ఆయన చెయ్యి పట్టుకుని, ఆ ఉంగరంతోనే డ్యాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టాను. పోదామా బంగారూ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ తర్వాత, పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అన్నాను. "ఏం కావాలో నువ్వే చెప్పు. తగ్గించమని అడగను."

నాలుగోసారి తిప్పాను. అందుకుంది.

రోట్లో పిండి దంచినట్టు ఆ ఇంజిన్‌కొక చప్పుడుంది, అదే చప్పుడు. నేను ఆలోచించలేదు. గేరు వేశాను.

దారిలో చెక్ పోస్టు దగ్గర ఆపారు. ఒక సైనికుడు వచ్చి, "హిందీ?" అని, అంటే ఇండియావాడివా అని అడిగి, ఇంజిన్ ఆపమని చెయ్యి చూపాడు. ఆపక తప్పలేదు, ఆపాను. అతను వంగి మామను చూశాడు. వయసులో పెద్దవాడే, మామంత ఉంటాడు. వెళ్లమని తల ఊపాడు. నేను మళ్లీ మామ చెయ్యి పట్టుకుని రెండుసార్లు తట్టి తాళం తిప్పాను. మొదటి తిప్పుకే అందుకుంది. ఒక్కసారే అయితే ఏదో అయిందిలే అనుకుని సర్దిచెప్పుకునేవాణ్ణి. రెండోసారి కూడా అయింది.

ఆస్పత్రి గుమ్మం ముందు ఇంజిన్ ఆపాను. మామను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు.

పది, పదిహేను నిమిషాలకు బయటికొస్తే అంబులెన్స్ తోలే మలయాళీ ఆయన, బండి దారికి అడ్డంగా ఉంది తియ్యమన్నాడు. తాళం తిప్పాను. అందుకోలేదు. డ్యాష్‌బోర్డు మీద తట్టాను. ఆయన నన్ను వింతగా చూశాడు. తర్వాత స్క్రూడ్రైవర్ తెచ్చి, నాచేత లోపలి తీగ లాగించి బానెట్ లేపి, డిస్ట్రిబ్యూటర్ మూత క్లిప్పులు రెండూ నా ఎదురుగానే విప్పాడు. మూత తీసి, లోపల చూసి, నావైపు తిరిగాడు.

"ఇందులో రోటర్ లేదు భాయ్. ఇక్కడిదాకా తోసుకొచ్చావా?" అని హిందీలో అడిగాడు.

అవునన్నాను. ఇద్దరం కలిసి బండిని ఒక మూలకు తోశాం.

గదికి వెళ్లి బియ్యం డబ్బా నేల మీద గుమ్మరించాను. కవర్ ఉంది. నా మూడు ముళ్లూ ఉన్నాయి. విప్పితే లోపల రోటర్ ఉంది.

అన్ని లెక్కలూ వేశాను. మామ ఇంకో రోటర్ పెట్టాడేమో అనుకున్నాను. పెడితే మూత కింద ఉండాలి కదా. ఆస్పత్రి ముందు ఎవరైనా తీశారేమో అంటే, బానెట్ గొళ్లెం బయటినుంచి రాదు, లోపలి తీగ లాగాలి. తలుపులకు తాళం వేసే లోపలికి వెళ్లాను. ఎటు తిప్పి చూసినా తూకం కుదరలేదు.

మామ బతికాడు. మూడు వారాలకు లేచి నడిచాడు. జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా మన ప్రభుత్వం మనవాళ్లను బొంబాయికి తరలిస్తున్నప్పుడు ఆయన్నూ తీసుకుని ఊరికి చేరాను. అమ్మాన్ పోయే బస్సులోనే, ఆ రోజు జరిగిందంతా ఆయనకు చెప్పాను. బండితో మాట్లాడే మనిషి, ఈయనైనా నమ్ముతాడనుకున్నాను. నవ్వీ నవ్వీ ఛాతీ పట్టుకున్నాడు.

"రోటర్ లేకుండా బండి ఎట్ల కదులుతాదిరా? నా తలకాయ అమ్ముతావా నాకే? రోటర్ నీ జేబులోనే ఉండుంటాది. నన్ను నమ్మించేదానికి ముందు పది చెప్పి రెండుకు దిగుతావు నువ్వు."

చనిపోయేదాకా ఆయన నమ్మలేదు. కువైట్ నుంచి వచ్చాక పన్నెండేళ్లు బతికాడు. రాయచోటిలో చిన్న షెడ్డు పెట్టి, మనవరాళ్లకు స్కూటర్ నేర్పించి, వాళ్ల స్కూటర్‌ను కూడా రెండుసార్లు తట్టి బంగారూ అనేవాడు.

యుద్ధం ముగిశాక నేను తిరిగి కువైట్ వెళ్లాను. బూ సాలెంకు బండి ఆస్పత్రి మూలనే దొరికిందట. పక్కనున్న బండ్లకు చక్రాలు కూడా మిగల్లేదు, దీనికి మాత్రం దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. ఆయన అప్పటికే కొత్త రోటర్ వేసి ముదురు నీలం పెయింట్ కొట్టించాడు. నేను పాతది తీసి ఇస్తే చేతిలో తిప్పి చూసి, ఇది నీదే, ఉంచుకో అన్నాడు. బండి ఆస్పత్రికి ఎలా వెళ్లిందని ఆయనా అడిగాడు. తోసుకెళ్లానన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

ఆ రోటర్ ఇప్పుడు మా అంగట్లో త్రాసు పక్కన ఉంటుంది. ఇదేందని అడిగినవాళ్లకు బండి ముక్క అని చెబుతాను. ఒకరిద్దరు ధర అడిగారు. నేను ధర చెప్పలేని వస్తువు నా అంగట్లో అదొక్కటే.

ఏం కావాలో చెప్పు అని ఆ రోజు అడిగాను కదా. ఇన్నేళ్లయింది, అది ఏమీ అడగలేదు. మామ బతికిన పన్నెండేళ్ల గురించి ఆలోచించినప్పుడల్లా మా నాయన మాట గుర్తొస్తుంది. కొసరుకు ఖరీదు అడగకూడదు, తీసుకుని దండం పెట్టి వచ్చేయాలి అనేవాడు. పొద్దున్నే త్రాసుకు దండం పెట్టినప్పుడు నా చెయ్యి ఆ రోటర్‌కు కూడా తగులుతుంది. అది ఎలా జరిగిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.