ఇసుకలో తల్లిగారిల్లు

మా మేస్త్రి పోయాడన్న మాట విన్నప్పుడు నేను బనియాస్‌లో సైటుకు పోయే బస్సు కోసం నిలబడి ఉన్నాను. అతను సెలవు మీద ఊరికి వెళ్లి ఇరవై రోజులు కూడా కాలేదు. క్యాంపులో అతని పక్క మంచం మనిషి ఫోన్ చేసి, "మేస్త్రి లేడు తమ్మీ. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే గుండె పట్టుకున్నడట. ఖలాస్" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కాను. ఆ రోజు ఏం పని చేశానో ఇప్పటికీ గుర్తు లేదు.

మేస్త్రి అంటే మార్కింగ్ మేస్త్రి. పునాది తీయకముందే ఎక్కడ గోడ రావాలో, ఎక్కడ తలుపు రావాలో నేల మీద మేకులు కొట్టి, దారం లాగి చూపించే పని. ఆరడుగుల పైన మనిషి. ఈ అరబ్బు దేశంలో ఎన్నో మేడలకు మొదటి దారం అతనే లాగాడు. ఉండేది మాత్రం క్యాంపులో, ఆరుగురున్న గదిలో, ఒక కింది మంచం మీద. క్యాంపులోకి బయటివాళ్లను రానివ్వరు. ఎవరినైనా ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టలేకపోవడం అతనికి పెద్ద బాధ. అందుకే చలికాలం రాగానే ఇల్లు కట్టేవాడు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఎండ హాయిగా ఉండే ఆదివారాల్లో, ఒక స్నేహితుడి పికప్‌లో అల్ వత్బా దాటి ఎడారిలోకి వెళ్లేవాళ్లం. ఒంటరిగా ఉండే ఒక గాఫ్ చెట్టు, అదే మన జమ్మిచెట్టు, దగ్గర ఆగేవాళ్లం. మేము సామాను దించేలోగా మేస్త్రి తూర్పు చూసుకుని, మేకులు కొట్టి, తెల్లదారం లాగి ఇసుక మీద ఇల్లు గీసేసేవాడు. ముందరి అర్ర, ఎడమకు వంటిల్లు, దాని వెనుక చిన్న అర్ర, పెరటి తలుపు. టేపు పట్టేవాడు, తప్పితే మళ్లీ పట్టేవాడు. తినిపోయేదానికి ఇంత కొలత ఎందుకని నవ్వితే, "ఇల్లంటే ఇల్లే తమ్మీ, ఉత్తుత్తి ఇల్లుంటదా?" అనేవాడు.

ఇల్లు గీయడం అయ్యాక చెంబుతో నీళ్లు పట్టుకుని గడప దగ్గర నిలబడేవాడు. వచ్చిన ప్రతి మనిషీ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తలుపులోంచే రావాలి. తను ఆ తలుపు దాటేటప్పుడు కుడిచెయ్యి పైకెత్తి తల వంచేవాడు. మమ్మల్నీ వంచమనేవాడు.

"పైన మొగులు తప్ప ఏమున్నది మేస్త్రీ?" అని ఒకసారి అడిగాను.

"దర్వాజ ఉన్నది. వంగు."

మొదటిసారి వెళ్లినప్పుడు ఉప్పు డబ్బా కోసం పికప్ దగ్గరికి పరుగెత్తి, వచ్చేటప్పుడు దారం మీంచి దాటాను. "ఏయ్! గోడల నుంచి వస్తున్నవా? దయ్యానివా?" అని ఇల్లంతా కేకలు. మేస్త్రి నన్ను వెనక్కి పంపి, మళ్లీ కాళ్లు కడిగించి, తలుపులోంచి రప్పించాడు. ఇంకో ఆదివారం ఒక ఒంటె వంటింటి గోడలోంచి నడిచి పెరట్లోంచి వెళ్లిపోయింది. "దానికి తెల్వదు, పోనియ్" అన్నాడు, గరిటె ఆపకుండా. బగారన్నం, కోడికూర అతనే వండేవాడు. పొయ్యి కింద రేకు వేసేవాడు, ఇసుక మాడకూడదని. తిన్నాక గంట రెండు గంటలు ఆ ఎండలో ఎవరి అర్రలో వాళ్లం నడుం వాల్చేవాళ్లం. గోడల్లేని ఇంట్లో అంత నిశ్చింతగా ఎలా నిద్రపట్టేదో నాకు ఇప్పటికీ వింతే.

మూడేళ్ల కింద మా ఆమె విజిట్ వీసా మీద నెల రోజులు వచ్చింది. బనియాస్‌లో చెక్కలు కొట్టి విడదీసిన ఒక గది తీసుకున్నాను. ఒక ఆదివారం ఆమెను ఎడారికి తీసుకెళ్తే మేస్త్రి తనే వంగి ఆమె కాళ్ల మీద నీళ్లు పోయబోయాడు. ఆమె సిగ్గుపడి చెంబు లాక్కుంది. అన్నాల దగ్గర, "తల్లిగారోళ్లు ఎవరు చెల్లే?" అని అడిగాడు.

"ఎవరు లేరన్నా. నాయిన ముందే పోయిండు. అమ్మ కరోనాల పోయింది. అన్నదమ్ములు లేరు. ఇంటికి తాళం పడ్డది. నాకు ఒడిబియ్యం పోసెటోళ్లు లేరిగ."

మా వైపు పెళ్లయిన ఆడపిల్లను కొన్నేళ్లకోసారి తల్లిగారింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. అది తల్లిగారింట్లోనే జరగాలి. ఆమె ఆ మాట నవ్వుతూనే అంది. ఆమె మనసులో అది ఇంతగా ఉందని కాపురం చేస్తున్న నాకే తెలియదు. మేస్త్రి ఆమెకు ఇంకొంచెం కూర వేశాడు.

మరుసటి ఆదివారం మేస్త్రి మాకన్నా ముందే వెళ్లాడు. మేము వెళ్లేసరికి ముందరి అర్రలో పీట వేసి ఉంది. బియ్యం, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి కుడుకలు, తమలపాకులు, ఆకుపచ్చ రవికె గుడ్డ. "ఖర్జూరాలకైతే ఈ దేశంల కొదువ లేదు" అని డబ్బాడు పెట్టాడు. బొట్టు పెట్టడానికి, ఒక అరబ్బుల ఇంట్లో వంటచేసే రాజోలు అక్కను కూడా పిలిపించాడు. "మా వైపు ఇలా లేదండీ, ఏం చెయ్యాలో చెప్పండి మరి" అని ఆమె కంగారుపడుతుంటే, మేస్త్రి ఊళ్లో ఉన్న తన భార్యకు వీడియో కాల్ చేశాడు.

"ఐదు దోసిళ్లు పొయ్యి. తూర్పు మొఖం జేసి కూసుండవెట్టు" అని ఆమె చెబుతోంది. "యాడ కూసుండవెట్టినవ్? ఇల్లేది?" అంది. మేస్త్రి ఫోన్ తిప్పి దారాలన్నీ చూపించాడు. ఆమె ముఖం ఫోన్‌కు దగ్గరగా తెచ్చి ఒక్కో అర్రా చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "మంచిగున్నది. ముందరి అర్రల్నే పొయ్యి" అంది.

మేకులు కొట్టే ఆ పెద్ద చేతులు ఐదుసార్లు దోసిలి పట్టాయి. మా ఆమె కొంగు పట్టుకుని కూర్చుని ఏడ్చింది. చుట్టూ కనుచూపుమేర ఇసుక, మధ్యలో దారాల ఇల్లు, ఆ ఇంటికి ఆమె ఆడపిల్ల. అయ్యాక మేస్త్రి నా వైపు తిరిగి, "ఇగ నువ్వు తమ్మివి గాదు, బావవు. మా చెల్లెను ఒక్క మాటన్నవనుకో, నా ఇంట్ల నీకు బుక్కెడు బువ్వ పుట్టదు" అన్నాడు. పోయేదాకా నన్ను బావా అనే పిలిచాడు. సాయంత్రం ఎప్పటిలాగే మేకులు పీకి, దారం చుట్టి, చెత్తంతా ఏరి సంచిలో వేసుకున్నాడు. వెనక్కి చూస్తే అక్కడ చెట్టు తప్ప ఏమీ లేదు.

ఆ మనిషికి నేను ఏమిచ్చానని ఇప్పుడు ఆలోచిస్తే, వెళ్లి తిన్నానంతే. అతను కోరింది కూడా అంతేనేమో.

నాకు సెలవు దొరకలేదు. మా ఆమె ఐదోరోజున మేస్త్రి ఊరికి వెళ్లింది. ఆ ఊరికి ఆమె అంతకుముందు ఎన్నడూ పోలేదు. సాయంత్రం అక్కడి నుంచే వీడియో కాల్ చేసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, కానీ మాటలో ఏదో విస్మయం.

"ఒక ముచ్చట జెప్తా ఇను. ఇంట్లకు వచ్చిన. ముసలామె ఒకామె మంచినీళ్లు అడిగింది. లేసి ఎడమకు పోయి, వంటింట్ల ముంచి తెచ్చిచ్చిన. వంటిల్లు యాడున్నదని ఎవ్వర్ని అడగలే. తెచ్చి ఇచ్చినంక సమజైంది. వెనుక చిన్న అర్ర, పెరటి దర్వాజ... మనం తిన్న ఇల్లే ఇది. ఆ కొలతలే."

ప్రతి చలికాలం మేస్త్రి ఎడారిలో గీసింది తన సొంత ఇల్లు. మాలో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. ఫోన్‌లో చూసిన భార్య మాత్రం ఆ రోజే గుర్తుపట్టింది. మా ఆమె ఇంకా చెబుతూనే ఉంది. వాకిట్లో చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుని, గడప దాటుతూ తల వంచిందట. వంచాక గానీ దర్వాజ పైకర్ర కనబడలేదట.

"వదినెను అడిగిన. అన్న పని నేర్చిన కొత్తల కట్టిండట. సొంతింటి దర్వాజకే కొలత తప్పి నాలుగు వేళ్లు పొట్టిగ పెట్టిండట. ఇప్పి మల్ల పెడుదమంటే, ఉండనియ్యి, వచ్చినోళ్లు వంగి వస్తరు అన్నడట." తర్వాత, "వదినె నన్ను పట్టుకోని, సక్రమంగ అన్ని అయినంక మల్ల రా బిడ్డా, ఇది నీ తల్లిగారిల్లే అన్నది" అంది.

ఆమె ఫోన్ తిప్పి ఆ దర్వాజ చూపించింది. పైకర్ర మధ్యలో ఒక చేతి వెడల్పున నున్నటి, నల్లటి మరక ఉంది. పొడుగు మనిషి లోపలికి వచ్చినప్పుడల్లా, తలకు తగలకుండా చెయ్యి పెట్టుకున్న చోటు. మా ఆమె ఫోన్ పట్టుకునే దాని కింది నుంచి వాకిట్లోకి నడిచింది. బనియాస్‌లో, నా గది మధ్యలో నిలబడి, నేను తల వంచాను.