బాతులు మునిగిన వాగు

మా అక్కకు నోరెక్కువ అని వీధిలో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నోరెక్కువ నాకు. అక్కకు గొంతు ఎక్కువ. వాగు ఇవతలి గట్టున నిలబడి "రండే తల్లీ, రండి రండి" అని ఒక్క కేక వేస్తే చాలు, అవతలి గట్టున మేస్తున్న బాతులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ వచ్చేసేవి. వీధి చివరి బేకరీ ఆయన అక్క బాతుల గుడ్లు తప్ప కేకుల్లో వెయ్యనని భీష్మించుకుని కూర్చునేవాడు.

కానీ అక్క చేతిలో ఏదీ నిలవదని మా అమ్మ నమ్మకం. చిన్నప్పుడు గ్లాసు తెమ్మంటే పగలగొట్టేది. మొక్క నాటితే ఎండిపోయేది. కుట్టు నేర్పిస్తే మిషను సూదులన్నీ విరిచింది. "దీని చెయ్యి పడితే పచ్చని చెట్టు కూడా మాడిపోతుంది" అని అమ్మ నలుగురిలో అనేది. నవ్వుతూనే అనేది, అక్క మాత్రం నవ్వేది కాదు. అలాంటిది, పెళ్ళయి ఆ వాగు పక్కన కాపురం పెట్టాక, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతూ పొరుగావిడ వదిలేసిన బాతుల జంటను అక్క సాకింది. ఒకటి కుంటిది, ఇంకొకటి ముసలిది. రెండూ బతికాయి. గుడ్లు పెట్టి పొదిగాయి. కొన్నాళ్ళకు పెరడంతా బాతులే! నేను ఎప్పుడు వెళ్ళినా అక్క రెండు అరచేతులూ నా మొహం ముందు చాపేది. "అమ్మ ఉంటే చూపించేదాన్నే, ఈ చేతి చలవ" అనేది. ఆ బాతులు దానికి ఏమిటో ఆ ఒక్క మాటతో మీకు అర్థమవ్వాలి.

మా బావ వాళ్ళ ఇంటికి దగ్గర్లోని విమానాశ్రయంలో ఫైరింజను డ్రైవరు. విమానం తగలబడకూడదని కోరుకుంటూ, తగలబడితే ఆర్పడానికి రోజూ సిద్ధమయ్యే ఉద్యోగం. "కూర్చోబెట్టి మేపే కొలువు, పెట్టి పుట్టావు బావా" అని నేను దెప్పితే, "మేం పని చేసే రోజు రాకూడదని కోరుకో మరదలా" అనేవాడు. మంచివాడే. ఆ మాట ఇప్పటికీ అంటాను. మంచివాడు కాకపోతే నాకింత కడుపుమంట ఉండేది కాదు.

ఆ ఫైరింజన్లలో మంటలార్పే నురగ ఉంటుంది. అది సరిగా చిమ్ముతోందో లేదో అప్పుడప్పుడు వదిలి చూడాలట. చూశాక నేలంతా కడగాలి. అది గొడ్డుచాకిరీ. అందుకని వాళ్ళు ఓ ఉపాయం కనిపెట్టారు. వాన పడే ముందు నురగ వదిలేస్తే వానే కడిగిపెడుతుంది. వాన ఎప్పుడు పడేదీ చెప్పేవాడు మా బావ. అతనికి ఆకాశం చూస్తే తెలిసిపోయేది, అందుకే స్టేషనులో అందరూ మబ్బన్న అని పిలిచేవారు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి పైకి చూసి, "ఇవాళ వాన గ్యారంటీ, బాతుల్ని వదులు" అని అక్కతో చెప్పేవాడు. స్టేషనుకు వెళ్ళి, "ఇవాళ వాన గ్యారంటీ, నురగ వదలండి" అని వాళ్ళతో చెప్పేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు, ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకంటే విమానాశ్రయానికీ వాగుకూ మధ్య పెద్ద గడ్డి మైదానం ఉండేది. వాననీళ్ళూ నురగా అన్నీ అందులోనే ఇంకిపోయేవి.

తర్వాత రెండో రన్‌వే వచ్చింది. మైదానమంతా సిమెంటు అయిపోయింది. ఇంకడానికి చోటు లేని వాననీటిని పట్టడానికి ఓ చెరువు తవ్వి, అది నిండితే వాగులోకి పోయేలా తూము పెట్టారు. ఆ తూము సరిగ్గా అక్క బాతులు ఈదే మడుగులోకే. "ఎండాకాలం కూడా నీళ్ళకు లోటుండదే!" అని అక్క తెగ మురిసిపోయింది.

ఆ మొదటి వానాకాలం నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. మడుగు మధ్యలో ఈదుతున్న నల్లమెడ బాతు ఒకటి, తోక వైపు నుంచి నీళ్ళలోకి దిగిపోవడం మొదలుపెట్టింది. ఆడుకుంటోందనుకున్నాం. బాతు నీళ్ళలో మునుగుతుందని ఎవరైనా అనుకుంటారా! చూస్తుండగానే మెడ ఒక్కటే పైన మిగిలింది. అక్క చెప్పులతోనే దూకి దాన్ని పైకి తెచ్చింది. ఈకలన్నీ తడిసిన గుడ్డలా ఒంటికి అంటుకుపోయి, గజగజ వణికిపోతోంది. పొద్దుగూకేలోపు అక్క ఒళ్ళోనే పోయింది. తర్వాతి వానకు మరికొన్ని.

పశువుల డాక్టరమ్మను పిలిపించాం. ఆవిడ ఓ బాతును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈకల మీద నూనె ఉంటుందమ్మా. అది ఉన్నంతసేపే బాతు తేలేది. వీటికి ఆ నూనె కడుక్కుపోయింది. సబ్బులాంటిదేమైనా తగులుతోందా?" అని అడిగింది.

అక్క తన అరచేతుల వైపు చూసుకుంది. "నేను రోజూ బాతుల షెడ్డు సబ్బుపొడితో కడుగుతానండీ. శుభ్రంగా ఉండాలని..."

డాక్టరమ్మ కోసం ఇంకెక్కడో ఈనలేక ఆవు అల్లాడుతోందట. "అదే అయ్యుంటుంది. మానేసి చూడండి" అని సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

బావ అప్పుడే పని నుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. అతనికి ఆ క్షణమే అర్థమైంది. నురగ వదిలిన రోజున, ఎంత మైనం పట్టించిన బూట్లయినా నీళ్ళు పీల్చేస్తాయి, మేజోళ్ళు తడిసి ముద్దవుతాయి. ఆ నురగ తగిలితే మైనమైనా నూనైనా నిలవదని అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఇదంతా తర్వాత తనే నాకు చెప్పాడు. ఆ రోజు మాత్రం నోరు మెదపలేదు.

అక్క ఇంట్లో సబ్బన్నది లేకుండా చేసింది. గిన్నెలు వేడినీళ్ళతో తోమింది, బట్టలు ఉత్త నీళ్ళలో జాడించింది. అయినా వాన పడితే ఒకటో రెండో మునుగుతూనే ఉన్నాయి. "చేతులకింకా అంటుకుని ఉందేమోనే" అని అరచేతులు ఎర్రగా కందిపోయేదాకా గరుకు గోడకు రుద్దుకునేది. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, "అమ్మ అన్నదే నిజం. నా చెయ్యి పాడుచెయ్యి" అని వెక్కివెక్కి ఏడ్చేది. బావ పక్కనే కూర్చుని "ఊరుకో, ఊరుకో" అంటూ వీపు నిమిరేవాడు. అది చూసి, "మొగుడంటే అలా ఉండాలి" అని నేను ఇంటికొచ్చి మా ఆయన్ను సాధించాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

బావ చేతులు ముడుచుకుని కూర్చున్నాడని అంటే నాకే పాపం. స్టేషను ఆఫీసరుకు చెప్పాడు, నురగ వాగులోకి పోతోందని. "చెరువులో కలిసి పల్చబడిపోతుందిలేవయ్యా. నీ పెళ్ళాం బాతుల కోసం విమానాలు ఆపమంటావా?" అని ఆయన నవ్వేశాడు. దాంతో బావ అబద్ధాలు మొదలుపెట్టాడు. నెత్తిన కారుమబ్బు పెట్టుకుని "ఇవాళ వాన పడదు" అనేవాడు. మబ్బన్న మాట మీద నమ్మకంతో వాళ్ళు నురగ వదలడం వాయిదా వేసేవారు. బాతులు మునగడం ఆగింది.

అక్క ఏమనుకుంది? "చూశావా, ఇప్పటికి వదిలిందే సబ్బు. అంటే వాటిని చంపింది నేనేగా" అంది. అప్పటిదాకా అనుమానం, ఆ రోజు నుంచి రూఢి అయిపోయింది. ఆ మాట కూడా బావ ఎదుటే అంది.

అక్కడ అన్ని అబద్ధాలు ఆడే బదులు ఇంట్లో ఒక్క నిజం చెప్పొచ్చు కదా! "వాన రోజున బాతుల్ని వదలకు" అంటే సరిపోయేది. అంటే "ఎందుకండీ" అని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. మా బావ అక్కడే ఆగిపోయాడు. "రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను మరదలా" అన్నాడు నాతో తర్వాత.

ఎన్నాళ్ళని సాగుతుంది? వాన రాదన్న రోజునల్లా కుండపోత. మబ్బన్నకు కళ్ళు పోయాయని స్టేషనులో నవ్వుకున్నారు. ఆఫీసరు అతన్ని అడగడమే మానేసి ఫోనులో చూసుకోవడం మొదలుపెట్టాడు. ఓ రోజు పొద్దున్న వాన మొదలవుతుండగా, వాయిదా పడ్డ పరీక్షలన్నీ కలిపి అన్ని ఫైరింజన్ల నురగా ఒకేసారి వదిలించాడు. కొండలా లేచిన నురగ సిమెంటు మీద జారుతూ మోరీల్లోకి పోతుంటే చూసి, బావ బండి దిగి, ఎవరు పిలుస్తున్నా ఆగకుండా గేటు దాటి పరుగెత్తాడట.

ఇక్కడ వాగు గట్టున నేనూ అక్కా ఉన్నాం. తూములోంచి తెల్లగా పొంగి వస్తోంది. "ఇదేంటే, ఎవరో దుప్పట్లు ఉతికినట్టు!" అంది అక్క. అంటూండగానే మడుగులో బాతులు తోకల వైపు దిగబడిపోతున్నాయి. ఇద్దరం నడుము లోతు నీళ్ళలో దిగాం. ఒకదాన్ని గట్టున పెట్టి తిరిగేసరికి ఇంకోటి మునిగేది. ఇంటికి తీసుకుపోదామన్న తొందరలో, అలవాటుకొద్దీ అక్క కేక వేసింది. "రండే తల్లీ, రండి రండి!"

అవతలి గట్టున గడ్డిలో భద్రంగా ఉన్నవి కూడా విన్నాయి. అక్క పిలిస్తే రాకపోవడం వాటికి తెలీదు. అన్నీ నీళ్ళలోకి దిగాయి.

"పిలవకే! పిలవకు!" అని అరుస్తూ బావ వచ్చేసరికి అవి మడుగు మధ్యకు వచ్చేశాయి. సగం దాకా వచ్చినవి సగంలోనే పోయాయి. అక్క దాకా వచ్చినవి అక్క చేతుల్లో పోయాయి.

గట్టున, ఆ వానలోనే, బావ నోరు విప్పాడు. "నీ సబ్బు కాదే. మా నురగ. అక్కణ్ణుంచి వస్తోంది" అన్నాడు.

అక్క తలెత్తి చూసింది. "మీకెప్పట్నుంచి తెలుసు?"

బావ అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "డాక్టరమ్మ వచ్చిన రోజునుంచి."

అక్క అరుస్తుందనుకున్నాను. అంత గొంతున్న మనిషి, పక్కనున్న నాకే సరిగా వినిపించనంత మెల్లగా అడిగింది. "నా చేతులే చంపాయని నేను ఏడుస్తుంటే, పక్కన కూర్చుని వీపు నిమిరారే! మనసెలా వచ్చిందండీ మీకు?"

 

తర్వాత గొడవ పెద్దదైంది. చెప్పకుండా బండి దిగిపోయాడని బావను కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టారు. పై ఆఫీసు వాళ్ళు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు. ఇప్పుడు నురగను వేరే ట్యాంకులోకి పట్టి, బండ్లలో ఎక్కడికో తీసుకెళ్తున్నారు. తూములోంచి వచ్చే నీటిని మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తున్నారు. వాగు కాస్త తేరుకుంది, చిన్న చేపలు కనిపిస్తున్నాయి. బావ ఓసారి బాతుపిల్లల్ని తెస్తానన్నాడు. "వద్దులెండి" అంది అక్క.

వాళ్ళిద్దరూ మాట్లాడుకోరని కాదు. కూరలో ఉప్పు సరిపోలేదని, కొళాయి కారుతోందని, అన్నీ మాట్లాడుకుంటారు. నా మీద ఇద్దరూ కలిసి జోకులు కూడా వేస్తారు. కష్టం మాత్రం అక్క అతని దగ్గర చెప్పుకోదు. ఒంట్లో బాగోలేకపోయినా, మనసు బాగోలేకపోయినా నాకే ఫోను.

మొన్నామధ్య, కుడికన్ను మసకబారుతోందని, చాలా రోజులుగా ఆ వైపు ఏమీ సరిగా కనబడటం లేదని చెప్పింది. నేను ఉండబట్టలేక బావకు ఫోను చేశాను. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకునే మనిషికి పెళ్ళాం కన్ను సంగతి నేను చెబితే తెలిసింది. ఏంటి బావా ఇది, కళ్ళెదురుగా తిరిగే మనిషినైనా కనిపెట్టవా అని నాలుగు దులుపుదామనుకున్నాను. ఈలోపే అతను అందుకున్నాడు.

"రేపే డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాను, నాకే అనుమానం వచ్చినట్టు" అన్నాడు. "నువ్వు చెప్పావని మాత్రం దానికి తెలియనివ్వకు మరదలా. తెలిస్తే నీకు కూడా చెప్పడం మానేస్తుంది."