తిట్టని మేడమ్

ఎదుటివాళ్లు చెప్పేది వినడం నేర్చుకోమని నన్ను మద్దిలపాలెంలో ఒక ఏసీ హాలుకి పంపారు. ఆటోనగర్‌లో మా షెడ్డుకి నేను మేనేజర్ని. గ్రైండర్లు మోగుతుంటే అక్కడ అరవకుండా మంచినీళ్లు కూడా అడగలేం. శిక్షణ ఇచ్చినాయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినడం గురించే మాట్లాడాడు. ఎవరైనా నోరు తెరిస్తే, ప్రశ్నలు చివర్లో అన్నాడు.

మర్నాటి నుంచి నేను మారిపోయాను. అంతకుముందు మనిషి గుమ్మంలో ఉండగానే నా తిట్లు మొదలయ్యేవి. ఇప్పుడు ఎవరొచ్చినా కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఫోను బోర్లా పెట్టి, కళ్లలోకి చూస్తూ తలాడించేదాన్ని. వచ్చినవాళ్లు వచ్చినంత వేగంగానే వెళ్లిపోయేవాళ్లు. సమస్యలన్నీ తీరిపోతున్నాయని మురిసిపోయాను.

క్రేన్ నడిపే ఆయన కూడా వచ్చాడు. షెడ్డు కప్పు కింద క్యాబిన్‌లో కూర్చుని ఇనుప దూలాలు ఎత్తి దించేది ఆయనే. నేను టీ ఇచ్చాను, తలాడించాను, ఎదురుచూశాను. ఆయన హెల్మెట్ చేతుల్లో తిప్పుతూ ఏటీ లేదు మేడమ్ అని, వెళ్లి నిచ్చెనెక్కాడు.

ఆ వారంలోనే ఒక దూలం గాల్లో ఊగి లారీకి కొట్టుకుంది. కింద మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. నా శిక్షణ అంతా ఆవిరైపోయింది. ఆయన దిగగానే అందరి ముందూ కడిగిపారేశాను, కళ్లు ఇంట్లో మర్చిపోయి వచ్చావా అని. వింటూంటే ఆయన మొహం తేటపడింది. నా మాటకి అడ్డొచ్చాడు.

"పైకెక్కితే తల తిరుగుతంది మేడమ్. ఆవేళ సెప్దామనే వచ్చాను. మీరు కుర్చీ ఏయించారు, టీ ఇచ్చారు. నన్ను తీసేత్తన్నారేమో అనుకున్నాను."

ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేసే రోజున తిట్టకుండా, కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపడం మా షెడ్డు ఆనవాయితీ. దాన్ని మొదలుపెట్టింది నేనే. నేనిచ్చిన టీ తాగి, కళ్లు తిరుగుతుంటే ఆయన అంత ఎత్తుకి ఎక్కాడని తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఇప్పుడాయన కిందే ఉండి క్రేన్‌కి సైగలిస్తున్నాడు. జీతం తగ్గలేదు. మొన్న ఏదో చెప్పాలని గదిలోకి వస్తే, అలవాటుగా టీ గ్లాసు ఆయన వైపు జరిపాను. ఆయన ముట్టుకోలేదు.

"ముందు తిట్టండి మేడమ్, తర్వాత తాగుతాను" అన్నాడు.