సెల్లార్లో సాధన

"...ఫొటోలు, నంబర్లు అన్నీ కొత్త ఐఫోన్లోకి వచ్చాయి కదా నాన్నా, ఇంకేం పోయింది?"

"నా తంబూరా పోయిందే!"

పై షడ్జం దగ్గర విశ్వేశ్వరరావు గొంతు చీలిపోతుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారని నాలుగేళ్లుగా పొద్దున్నే కొండాపూర్ అపార్ట్‌మెంటు సెల్లార్లో, కారు అద్దాలెత్తుకుని, ఫోను స్టీరింగుకి ఆనించి సాధన చేస్తాడు. పాత ఫోన్లోని తంబూరా యాప్‌లో శ్రుతి, గురువుగారు పెట్టిచ్చింది. దాన్ని ముట్టుకోవడం అపచారమనుకున్నాడు. ఆ యాప్ కొత్త ఫోన్లో లేదు. కూతురు ఉమాశ్రీ వెతికిచ్చిన మొదటిది గిటారు నేర్పబోయింది. రెండోది తంబూరాలాగే మోగింది గానీ శ్రుతి ఒక మెట్టు కిందికుంది. మార్చడం తెలియక మర్నాడు పొద్దున కార్లో దాంతోనే మొదలెట్టాడు. మెడనరాలు ఉబ్బలేదు. పై షడ్జం చీలకుండా నిలిచింది.

వాచ్‌మన్ రామచంద్రం అద్దం తట్టాడు. "ఏంది సార్, ఇయ్యాల రేడియో పెట్టిన్రా?"

విశ్వేశ్వరరావు లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులెక్కి తలుపు తోశాడు.

"ఉమా, రేపట్నుంచి హాల్లోనే పాడతాను."