అహల్యమ్మ ఆరబెట్టిన గ్లౌజులు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో వాన మొదలైందంటే అహల్యమ్మ నోరు కూడా మొదలైనట్టే. తోలుకోటు వేసుకుని మోటార్‌సైకిల్ నడిపేవాడెవడైనా ఆమె వరండా ఎక్కి, "తడిసిందమ్మా, పొయ్యికాడ జర ఎండవెట్టిన" అన్నాడో, వాడి పని అయిపోయినట్టే. "తోలుకు నిప్పు చూపిస్తవా? నీ చెయ్యి పెట్టు పొయ్యిల" అని వీధంతా వినేలా కడిగేసేది. పొడిగుడ్డతో అద్ది నీళ్లు తీసేయాలి. కోటును వెడల్పాటి కర్రకు తగిలించి నీడలో గాలికి ఆరనివ్వాలి. గ్లౌజుల వేళ్లలో పాత కాగితాలు కుక్కాలి. ఇంకా కాస్త చెమ్మ ఉండగానే వేలితో ఆముదం పట్టించాలి. ఇంతే విద్య. ఇంత చిన్న విద్యకు అంత కోపమెందుకని అందరూ నవ్వుకునేవారు. నవ్వడానికేం, ఎవరైనా నవ్వగలరు.

అసలామె తోలు ముట్టే మనిషే కాదు. పుట్టింట్లో మడీ ఆచారమూ ఎక్కువ. పంతొమ్మిది వందల యాభై ఆరులో కాపురానికి వచ్చేనాటికి భర్త శ్యామ్‌సుందర్ మోటార్‌సైకిల్ మీద సినిమా రీళ్లు మోసే పనిలో ఉన్నాడు. ఆ రోజుల్లో ఒకే సినిమా పెట్టెను రెండు టాకీసులు పంచుకునేవి. అబిడ్స్‌లో ఒక రీలు అయిపోగానే దాన్ని కాచిగూడ టాకీసుకు చేర్చాలి. పది నిమిషాలు ఆలస్యమైతే అక్కడ జనం కుర్చీలు విరిచేవారు. వాన వచ్చిందని బొమ్మ ఆగదు కదా. అందుకని జుమ్మేరాత్ బజార్‌లో ఎవరో మిలిటరీ ఆయన వాడి వదిలేసిన తోలుకోటూ, గ్లౌజులూ కొనుక్కుని ప్రాణంగా చూసుకునేవాడు.

అవి మాత్రం గడప దాటి లోపలికి రాకూడదని అహల్యమ్మ షరతు పెట్టింది. వరండాలో మేకుకే వాటి కాపురం. ఆయన అక్కడే విప్పి, అక్కడే తుడిచి, అక్కడే నూనె రాసి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. వాటికి ఏం సేవ చేస్తున్నాడో ఆమె ఏనాడూ తొంగిచూడలేదు. ఆయన చెప్పబోతే, "అన్నం కాడ తోలు ముచ్చటెందుకు" అని ఆపేసేది. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. ఒకరంటే ఒకరికి ప్రాణమే. తోలు దగ్గర మాత్రం ఆమె దారి ఆమెది, ఆయన దారి ఆయనది.

అరవై అయిదు ఆషాఢంలో ఒకరోజు పొద్దున్నుంచీ ఒకటే ముసురు. మ్యాట్నీ రీళ్లు మోసి ముద్దగా తడిసి వచ్చిన శ్యామ్‌సుందర్ నాలుగు మెతుకులు తిని, ఫస్ట్ షోకు ఇంకా గంట టైముందని గోడకు చేరగిలబడి కునుకు తీశాడు. తింటున్నప్పుడు ఆయన వేళ్లు అహల్యమ్మ చూసింది. పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. ఇక ఆమె మనసు ఆగలేదు. వరండాలోకి వెళ్లింది. మేకున వేలాడే గ్లౌజుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ముందు రెండు వేళ్లతో పట్టుకుంది. తర్వాత, ఏమైతే అదవుతుందని రెండు చేతులతోనూ పట్టుకుని పిండి, తెచ్చి బొగ్గుల కుంపటి పక్కన పెట్టింది. అప్పడాలు కాల్చినంత శ్రద్ధగా అటూ ఇటూ తిప్పుతూ కాచింది. గంటలో అవి చెక్కల్లా బిగిసిపోయాయి. బాగా ఎండాయని మురిసిపోయింది పిచ్చితల్లి.

భర్త లేవగానే తన చేతులతోనే అందించింది.

"నువ్వు ముట్టినవా?" అన్నాడు ఆయన.

"ముట్టిన. మీ చేతులు చూస్తే పానం ఆగలే. మంచిగ ఎండినయి, చూడున్రి."

ఆయన గ్లౌజులను చూశాడు, ఆమెను చూశాడు. ఒక్కొక్క వేలే కష్టపడి దూర్చాడు. "ఔ, ఎచ్చగున్నయి" అని నవ్వి వెళ్లిపోయాడు.

గన్‌ఫౌండ్రీ మలుపులో ఒక రిక్షా అడ్డం వచ్చింది. తడి రోడ్డు మీద బండి జారి కరెంటు స్తంభానికి కొట్టుకుంది. అహల్యమ్మ దవాఖానకు చేరేసరికే అంతా అయిపోయింది. రీళ్ల డబ్బాకు సొట్ట కూడా పడలేదట. టాకీసువాళ్లు వచ్చి పట్టుకుపోయి ఆట ఆడించుకున్నారు. లోకం గురించి ఇంకేం చెప్పాలి.

పన్నెండో రోజు దాటాక బాలమల్లు వచ్చాడు. స్టేషన్ ముందర తోలుపని చేసుకునే మనిషి, శ్యామ్‌సుందర్‌కు పాత దోస్తు. దవాఖానలో ఇచ్చిన కోటూ గ్లౌజులూ తెచ్చి వరండా మెట్టు మీద పెట్టాడు. ఓదారుద్దామనే వచ్చాడు పాపం.

"ఆ దినం అన్న పోతపోత నా కాడ ఆగిండు తల్లీ. గ్లౌజులు వట్టి సూసిన. 'అన్నా, ఇవి నిప్పుకు కాగినయి, ఏళ్లు వంగయి, బిరేకు ఎట్ల వడ్తవు, తీసెయ్యి' అన్న. 'నాకెర్కనే మల్లూ. తొమ్మిదేండ్లకు మా ఇంటామె చెయ్యి వెట్టింది. గీ ఒక్క పూట తొడుక్కోనియ్యి' అన్నడు. గంత మురిసిండు తల్లీ మీ గురించి."

అహల్యమ్మ ఏడవలేదు. రెండు రోజులు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మూడో రోజు పొద్దున బాలమల్లు కూర్చునే చోటికి వెళ్లి, "తోలు ఎట్ల ఆరవెట్టాల్నో నాకు చూపియ్యి" అంది. అది తెలిసి పుట్టింటివాళ్లు రాకపోకలు మానుకున్నారు. మానుకోనీ అంది. అప్పటినుంచీ ఆ వరండాలోనే, ఊళ్లోవాళ్ల కోట్లూ బూట్లూ గ్లౌజులూ ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తూ బతికింది. పొట్టకూటికని అనుకున్నారు అందరూ. ఆమె కాదనలేదు.

డెబ్బై నాలుగు శ్రావణంలో పద్మ వచ్చింది. పెళ్లయి ఏడాదైనా కాని పిల్ల. భర్త మోటార్‌సైకిల్ మీద పత్రికల కట్టలు మోస్తాడు. కొంగులోంచి ఒక గ్లౌజుల జత తీసింది. బిగిసిపోయి ఉన్నాయి.

"తడిసినయని నేనే పొయ్యికాడ పెట్టిన పెద్దమ్మా. బాగువడ్తయా?"

అహల్యమ్మ వాటి వేళ్లు వంచి చూసింది. వీధిలోవాళ్లు తిట్ల కోసం చెవులు రిక్కించారు కానీ ఆమె తిట్టలేదు. "ఇవింక మెత్తగ కావు బిడ్డా" అంది.

పద్మకు ఏడుపు వచ్చింది. "పొద్దుగాల ఎంత తిట్టిండో నన్ను. బుద్ధున్నదా నీకు అన్నడు. గోడకేసి కొట్టి, ఉత్త చేతులతోనే వానల పోయిండు. గిట్ల తిట్టిచ్చుకునేటందుకా నేను చేసింది?"

"ఉత్త చేతులతోనే పోయిండా?"

"ఔ."

"తొడుక్కోలే గద?"

"లేదు పెద్దమ్మా."

అహల్యమ్మ ఆ పిల్ల చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. తొమ్మిదేళ్లుగా రాని ఏడుపు అప్పుడు ముంచుకొచ్చింది. పద్మ బెదిరిపోయి, తనేమైనా తప్పుగా అన్నానా అని అడిగింది. అహల్యమ్మ తల అడ్డంగా ఊపింది.

"మా ఆయన నన్ను ఒక్క మాట అనలే బిడ్డా. తిట్టి అవతల పారేస్తే బతికి ఉంటుండె."