కంపెనీవాడు దాచిన వేగం

శ్రీరంగ రాజాకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కంపెనీవాడు పెట్టి పంపిన వేగంతో ఏ యంత్రం తిరుగుతున్నా ఆయన చూస్తూ కూర్చోలేడు.

"ప్రతి మిషన్లోనూ కంపెనీవాడు కొంచెం స్పీడు దాచిపెట్టినాడు. మనకు చెప్పడు. మనమే తీసుకోవాల" అనేది ఆయన సిద్ధాంతం. రాజపాళయం స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా ఉన్నన్నాళ్లూ కదుళ్ల వేగం పెంచడమే ఆయన పని. నూలు తెగేదాకా పెంచు, తెగాక ఒక మెట్టు దిగు. మిల్లువాళ్లు ఆయన్ని రిటైరు చేశారు గానీ ఆ సూత్రాన్ని చేయలేకపోయారు. అది ఆయన వెంట ఇంటికొచ్చింది.

ముందు ఇంట్లో గ్రైండరు బలైంది. దాని పుల్లీ మార్చి మీట నొక్కేసరికి ఇడ్లీ పిండి వెళ్లి సీలింగుకు అంటుకుంది. ఆయన భార్య రంగనాయకి తలెత్తి కాసేపు చూసింది.

"ఇడ్లీలు ఇంక అక్కడే పోసుకుందామా?"

"తెగింది. ఒక మెట్టు దిగుతాను" అన్నాడాయన.

తర్వాత కుట్టు మిషను, ఆ తర్వాత గోడ గడియారం. గడియారం వేగం పెంచాక రంగనాయకి గుడికి వెళ్తే పూజారి ఇంకా నిద్ర లేవలేదు. ఆయన ముట్టుకోనిది ఇంటి కుక్క ఒక్కటే. పరుగుకు పేరుపడ్డ రాజపాళయం జాతి వేటకుక్కలో దాచిపెట్టిందంటూ ఏమీ లేదని ఆయన నమ్మకం.

మిల్లు నుంచి ఇంకో అలవాటు కూడా తెచ్చుకున్నాడు. అక్కడ స్పానర్లకు కాళ్లుంటాయి కాబట్టి ప్రతి ఫిట్టరూ తన సామానుకు ఒక రంగు చుక్క పెట్టుకుంటాడు. ఈయనది ఆకుపచ్చ. చెప్పులకు, గొడుగుకు, టిఫిన్ క్యారియరుకు, చివరికి కుక్క మెడపట్టీకి కూడా ఆకుపచ్చ పెయింటు చుక్క ఉండేది.

"నాకొక్కదానికే పెట్టలేదు. ఎవరూ ఎత్తుకుపోరని ధైర్యం" అనేది రంగనాయకి.

ఈ దశలో ఆయనకు కంప్యూటరు పరిచయమైంది. ఒక్కో భాగం కొనుక్కొచ్చి తనే బిగించుకున్నాడు. దాని లోపల బస్ స్పీడ్ అని ఒక అంకె ఉంటుందని, కంపెనీవాడు పెట్టిన ఆ అంకెను పెంచితే ప్రాసెసరు కూడా దానితో పాటు పరిగెత్తుతుందని తెలిసిన రోజు ఆయన అన్నం సరిగా తినలేదు. మిల్లులో మెయిన్ షాఫ్టు వేగం పెంచితే దానికి తగిలించిన కదుళ్లన్నీ వేగం అందుకోవూ, అదే సంగతి. ఆ రోజు నుంచి అంకెను కొంచెం కొంచెం పెంచడం, కంప్యూటరు బిగుసుకుపోవడం, అంకె మళ్లీ మొదటికొచ్చేలా లోపలున్న బిళ్ల బ్యాటరీ ఊడదీసి ఒక కాఫీ తాగడం, బ్యాటరీ మళ్లీ పెట్టి ఒక మెట్టు దిగడం. చుట్టాల ఇళ్లలో కంప్యూటర్లన్నీ ఇలా వేగం పుంజుకున్నాయి. చుట్టాల ఇళ్లలో కాఫీపొడి కూడా అంతే వేగంగా అయిపోయింది.

ఆయన స్పానరును గడప దగ్గరే ఆపిన మనిషి మేనకోడలు యామిని ఒక్కతే.

"మామా, రాండి, కూచోండి, కాఫీ తాగండి. నా గ్రైండరు జోలికి మాత్రం పోవద్దు."

"కొంచెం నిదానంగా తిరుగుతోందే తాయీ."

"నిదానంగానే తిరగనీండి. పిండి గిన్నెలో ఉండాల నాకు."

యామిని పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి సొంతంగా బతుకుతోంది. ఆమెకూ ఒక జబ్బు ఉంది. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోదు. పక్కింటివాళ్లు గిన్నెడు రసం ఇస్తే ఆ గిన్నె వడలతో తిరిగి వెళ్లాల్సిందే. "ఒకరి దగ్గర తీసుకుంటే వాళ్ల ముందర తల వంచుకుని నడవాల" అంటుంది. ఆమె కంప్యూటరు ఏదో ఆఫీసు వదిలించుకున్న పాతది. కొత్తది కొనే వీలు లేదు, కొనిస్తానన్న మామను రెండు నెలలు ఇంటికి రానివ్వలేదు.

అలాంటి రోజుల్లో మంసాపురంలో పెద్ద ఇంటివాడైన నరసింహన్ కూతురి పెళ్లి వీడియో చేతికొచ్చింది. శుక్రవారం సాయంత్రం రిసెప్షన్‌లో తెర మీద వేయాలి. వేయలేకపోతే ఆ ఇంటి మిగతా పెళ్లిళ్లు, ఆ ఇంటిని చూసి నడిచే ఊరి పెళ్లిళ్లు అన్నీ మదురై స్టూడియోకి పోతాయి. మంగళవారం వచ్చేసరికి యామిని కంప్యూటర్లో పెళ్లికొడుకు తాళిబొట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎంతసేపు చూసినా కట్టడే.

నరసింహన్ ఫోన్ చేశాడు. "ఎంత దూరం వచ్చినావమ్మా?"

"తాళి దగ్గర ఉండాం సార్" అంది యామిని. అది అబద్ధం కాదు.

ఫోన్ పెట్టేసి మామను పిలిచింది. "మామా, నా మిషన్లోనూ స్పీడు దాచిపెట్టి ఉంటాడా?"

"ఉండక ఎక్కడికి పోతాది?"

"అది నా మిషన్లోదే కదా? ఇంకొకరిది కాదు కదా?"

"నీదే. నీది తీసి నీకే ఇస్తాను."

ఆయన వచ్చి, కంప్యూటరు ఆన్ చేసి, లోపలి సెట్టింగుల పేజీలోకి దిగాడు. బస్ స్పీడ్ ఉన్న వరుస దగ్గరికి వెళ్లి మీట నొక్కాడు. అంకె కదల్లేదు. మళ్లీ నొక్కాడు. కళ్లజోడు తుడుచుకుని నొక్కాడు. యామిని కాఫీ తెచ్చింది. తాగడం మరిచిపోయి తెర వంక చూస్తున్నాడు.

"ఏమి మామా?"

"ఏమీ లేదు. కొంచెం సిగ్గుపడుతోంది. ఇంటికి తీసుకుపోయి నిదానంగా మాట్లాడతాను."

మామ నోట నిదానం అనే మాట రావడం ఆమెకు వింతగానే తోచింది. కానీ శుక్రవారం తరుముకొస్తుంటే వింతలు ఆలోచించే తీరిక ఎక్కడిది.

బుధవారం పొద్దున పెట్టె తిరిగొచ్చింది. ఆన్ చేస్తే పెళ్లికొడుకు తాళి కట్టేసి, అరుంధతీ నక్షత్రం చూసేసి, భోజనానికి కూడా కూర్చున్నాడు.

"మామా, ముందంతా ఆన్ చేస్తానే ఏదో కంపెనీ పేరు వచ్చేది. ఇప్పుడు వేరే పేరు వస్తోందే?"

"స్పీడు పెంచితే అట్ల అవుతాది" అన్నాడాయన, చెప్పులు వేసుకుంటూ.

శుక్రవారం వీడియో తెర మీద పడింది. నరసింహన్ రెండో కూతురి పెళ్లి కూడా యామినికే చెప్పాడు. మదురై స్టూడియో సంగతి మంసాపురంలో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఆదివారం దుమ్ము దులుపుదామని యామిని పెట్టె పక్క రేకు తీసింది. లోపల మదర్‌బోర్డు మూలన ఆకుపచ్చ చుక్క. ప్రాసెసరు ఫ్యాను మీద ఆకుపచ్చ చుక్క. మెమరీ పలకల మీద, స్క్రూల నెత్తిన కూడా ఆకుపచ్చ చుక్కలే. సొంత సామానంతా విప్పి ఇంకొకరి పెట్టెలో బిగించిన మనిషి చుక్కలు చెరపడం మాత్రం మరిచిపోయాడు.

ఆమెకు ముందు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మామ ఇంటికి నడిచింది. వెళ్లేసరికి ఆయన కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెర మీద ఆమె పాత కంప్యూటరు కంపెనీ పేరు కనబడుతోంది.

"ఇంత సేపా మామా తెరుచుకునేదానికి?"

"దానికి కొంచెం రెస్టు ఇచ్చినాను."

"బుధవారం నుంచీ రెస్టే" అంది రంగనాయకి వంటింట్లోంచి. "పొద్దున ఆన్ చేసి పేపరు చదివినారు, స్నానం చేసినారు. అది ఇంకా లేచినట్టు లేదు. ఆ బ్యాటరీ తీసేది పెట్టేది కూడా లేదు, ఏమైందో ఏమో."

ఊళ్లోకెల్లా వేగం మనిషి, అంకె కదలని మేనకోడలి నత్తను ఇంటికి తెచ్చుకుని, దానితో పాటు కూర్చున్నాడు. యామిని కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. సామాను తిరిగిస్తానంటే ఆయన తీసుకోడు, అసలు ఇచ్చానని కూడా ఒప్పుకోడు. తీసుకున్న గిన్నెను ఖాళీగా పంపడం ఆమెకు చేతకాదు. అందులో ఏం పెట్టి పంపితే ఈ మనిషికి నోరూరుతుందా అని చూసింది. ఒక్కటే తోచింది.

"మామా, మా ఇంట్లో గ్రైండరు శాన నిదానంగా తిరుగుతోంది."

ఆయన తల తిప్పాడు. పెళ్లిపిలుపు అందుకున్నవాడిలా లేచి నిలబడ్డాడు.

"నేను అప్పుడే చెప్పినా కదా తాయీ. కంపెనీవాడు దాచినాడు." ఆకుపచ్చ చుక్కల స్పానర్లు అప్పటికే సంచిలో పడుతున్నాయి.

మర్నాడు పొద్దున యామిని స్టూలెక్కి సీలింగు తుడుస్తోంది. కింద మామ గ్రైండరు పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన కనుబొమల మీద కూడా పిండి ఉంది.

"తెగింది" అన్నాడు.

"పరవాల్యా మామా" అంది యామిని, గుడ్డ పిండుకుంటూ. "ఒక మెట్టు దిగండి."